కొండచుట్టు దారి

గడచిన కార్తిక పూర్ణిమనాడు మేము కుటుంబముతో అన్నవరము పోయి సత్యదేవుని గిరిప్రదక్షిణమున నడచితిమి. రత్నగిరిని, దాని ప్రక్కనున్న సత్యగిరిని చుట్టివచ్చు ఆ దారిలో సగము దూరము పోవుసరికి మా చిన్నమ్మాయికి కాళ్ల నొప్పులు పుట్టినవి. "నాన్నగారూ, ఎక్కడ బయల్దేరామో మళ్లీ అక్కడికే రావడానికి ఇంత దూరం నడవడమెందుకండీ?" అని యడిగినది. మా తల్లిగారు "తప్పమ్మా, అలా అనకూడదు, పుణ్యం" అని మందలించిరి. ఇరువది సంవత్సరములుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్న మాకు మాత్రము ఆ ప్రశ్న తప్పుగా తోచలేదు. ఎక్కడికో చేరుటకు నడచువాడు ఒకడు. చేరవలసిన చోటు లేకయే చుట్టు తిరిగి వచ్చువాడు మఱియొకడు. ఈ రెండవవాని చరిత్ర మేమిటి? ఇంటికి వచ్చిన తరువాత కొన్ని నెలలు మా బీరువాలోని పుస్తకములను తిరుగవేసితిమి. దొరకినదానిని చదువరుల ముందుంచుచున్నాము.

మన గోదావరి సీమ కొండల దేశము కాదు. ధవళేశ్వరము మొదలు సముద్రము వఱకు నేల బల్లపరుపు. వరిచేలు, కొబ్బరితోటలు, కాలువ గట్లు తప్ప కంటికి అడ్డమువచ్చునది లేదు. కొండలన్నియు డెల్టా అంచున నిలిచి మనలను చూచుచున్నవి. వానిలో ధవళేశ్వరపు గుట్టల గతి వేరు. ఆర్థరు కాటను దొరగారు 1847లో ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించిరి. దానికి వలసిన రాయిని ఆ గుట్టలనుండియే తీసిరి. మనము తినుచున్న అన్నమునకై ఒక కొండ కొంత కరగినదనుట అతిశయోక్తి కాదు. ఇట్టి పల్లపునేలలో పుట్టినవారికి కొండ యనగా పండుగనాడు పోవు చోటు. పోయినవారు దాని నెక్కుదురు, లేదా చుట్టుదురు. ఎక్కుటకు మెట్లు కట్టించినవారి పేర్లు రాళ్లమీద చెక్కియుండును. చుట్టుదారి వేసినవాని పేరు ఎక్కడను కానరాదు.

చుట్టివచ్చుట మన దేశమున మిక్కిలి ప్రాచీనము. ఏలూరునకు ఉత్తరమున, కామవరపుకోటకు చేరువనున్న గుంటుపల్లి కొండలలో బౌద్ధులు తొలిచిన గుండ్రని చైత్యగృహ మొకటి కలదు. అది క్రీస్తు పూర్వపుది. లోపల రాతిలోనే మలచిన స్తూపము, దానిచుట్టు మనిషి నడచుటకు చాలినంత సందు. పైకప్పు రాతిదే యైనను కఱ్ఱ వాసములతో కట్టినట్లు చెక్కిరి. అచ్చట విగ్రహము లేదు, గర్భగుడి లేదు, తలుపు లేదు. చేయవలసిన పూజ యంతయు కాళ్లతోనే. కుడిచేయి స్తూపము వైపున నుండునట్లు తిరిగి వచ్చుటయే. ప్రదక్షిణ శబ్దములోని దక్షిణము అదియే. వైదికులకును, బౌద్ధులకును ఎన్ని వాదములున్నను ఈ కుడిచేతి నియమమున మాత్రము భేదము లేదు.

అయితే ప్రదక్షిణము దేవునికి మాత్రమే చెందినదనుకొనుట పొరపాటు. వేంగీ చాళుక్యుల రాగి శాసనములను చదివిన వారికి ఈ సంగతి తెలియును. రాజు బ్రాహ్మణునకు గ్రామము దానము చేయునప్పుడు ముందు తన వంశమును సంస్కృత శ్లోకములలో పొగడించుకొనును. పిమ్మట గ్రామపు ఎల్లలు వచ్చును. తూర్పున మొదలుపెట్టి, ఆగ్నేయము, దక్షిణము, నైరృతి యనుచు ఎనిమిది దిక్కులు తిరిగి ఈశాన్యమున ముగింతురు. అనగా శాసనము వ్రాసినవాడు గ్రామమునకు ప్రదక్షిణము చేసినాడు. అచ్చటికి వచ్చునప్పటికి సంస్కృతము చాలదు. చింతచెట్టు, పుట్ట, గుంట, చెఱువు మొదలగు తెలుగు మాటలు తలయెత్తును. రాజరాజనరేంద్రుడు క్రీ.శ. 11వ శతాబ్ది నడుమ కోనసీమలోని నందంపూడిని నారాయణభట్టునకు దాన మిచ్చినప్పటి శాసనమును రచించినవాడు నన్నయభట్టు. ఈ రాగిరేకులను తెలుగు పండితులు శబ్దములకై వెదకిరి, చరిత్రకారులు రాజుల పేర్లకై వెదకిరి. మేము మాత్రము ఆ ఎల్లలను చదువునప్పుడెల్ల పుట్టనుండి చింతకును, చింతనుండి గుంటకును నడచిపోయిన కాళ్లను తలచుకొందుము. వ్రాయసకాని ముందు ఊరు తెలిసినవా డెవడో నడచి చూపియుండవలెను గదా. వాని పేరు రాగిరేకున కెక్కలేదు.

ఆ నడచినవాడు ఎవడై యుండును? ఊహించుటకు మన జాతరలే ఆధారము. గ్రామదేవత జాతరలో దున్నపోతును బలియిచ్చి, ఆ నెత్తుట తడిపిన అన్నమును పొలిమేర పొడవునను చల్లుచు రాత్రివేళ ఊరు చుట్టివచ్చు ఆచారము మన పల్లెలలో ఉండెడిది. దానిని పొలి చల్లుట యందురు. బలి క్రూరకర్మము. 1950లో మద్రాసు రాష్ట్రములో చేసిన చట్టము దానిని నిషేధించినది, మంచిదే. కాని ఆ పొలి మోసినవారు సాధారణముగా మాల మాదిగలు. ఎల్ల తగవు వచ్చినప్పుడు రాయి ఎక్కడ నున్నదో చెప్పవలసినవాడును గ్రామ వెట్టివాడే. ఊరి వెలుపల కాపురముండవలసినవానికే ఊరి యంచులు అంగుళ మంగుళము తెలిసియుండెను. లోపలివారమైన మనకు తెలియలేదు.

ఇంగ్లండులోను ఇట్టి యాచారమే యుండెడిదని చదివినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. వసంతకాలమున ఒక పండుగ దినమున మతగురువు, ఊరిపెద్దలు, బాలురు కలిసి తమ గ్రామపు ఎల్ల వెంబడి నడచి, ఎల్లరాళ్లను కఱ్ఱలతో కొట్టెడివారు. ఎల్లరాయి పిల్లలకు జీవితాంతము జ్ఞాపకముండుటకై వారిని ఆ రాతిమీదనే ఎత్తివేయుటయు, ఒక్కొక్కచోట బెత్తముతో కొట్టుటయు కలదు. మా వృత్తిలో పూర్వులు వాడిన జ్ఞాపకశక్తి సాధనమే అది! పటములు లేని కాలమున ఊరి భూమికి పిల్లవాని వీపే దస్తావేజు.

ఆ దస్తావేజులు ఎందుకు చెల్లకపోయినవో చెప్పవలెను. 17వ శతాబ్ది మొదలు 20వ శతాబ్ది తొలినాళ్ల వఱకు ఇంగ్లీషు పార్లమెంటు 5,000 పైచిలుకు చట్టములు చేసి ఊరుమ్మడి బీళ్లను, మేతభూములను, పొలములను కంచెలలో చేర్చి ఆసాములకు పంచిపెట్టినది. ఉత్తర ఇంగ్లండులో ఎత్తైన కొండబీళ్లు కలవు. అచ్చట చెట్టుచేమలు లేవు. నల్లని బురదనేల, మోకాలెత్తు పొదలు, ఎడతెగని గాలి. దున్నుటకు పనికిరాని ఆ నేలను ప్రభువులు గ్రౌసు అను కౌజువంటి పక్షిని పెంచి వేటాడుకొనుటకు ఉంచుకొనిరి. ఏడాదిలో కొద్ది దినముల వేటకై తక్కిన దినములన్నియు కావలివాండ్రు దుడ్డుకఱ్ఱలతో దారి కాచిరి. ఆ కొండల క్రిందనే మాంచెస్టరు, షెఫీల్డు, బోల్టను పట్టణములు. వానిలో నూలుమిల్లుల పొగయు, ఇనుప కొలుముల సెగయు. వారమున కారు దినములు ఆ పొగలో పనిచేసినవానికి ఏడవదినమున కంటికెదురుగా నున్న కొండమీద గాలి నిషిద్ధము.

మాంచెస్టరు చుట్టుపట్ల పాత కాలిదారులను కాపాడుటకు 1826లోనే ఒక సంఘము పుట్టినది. బోల్టనులో 1896 సెప్టెంబరు 6వ తేదీ ఆదివారమునాడు, ఒక భూస్వామి మూసివేసిన వింటరు హిల్ దారిని తెఱచుటకు పదివేల మంది జనము కదలిరని నాటివారి అంచనా. జనము గేటు దాటి కొండెక్కిరి. అటుపిమ్మట భూస్వామి కోర్టున కెక్కి గెలిచెను. పదివేల కాళ్లజంటలు ఒక్క దస్తావేజునకు సరితూగలేదు.

మమ్ము మిక్కిలి ఆకర్షించినది మాత్రము ఇంత పెద్ద గుంపు కాదు, పదునలుగురి నడక. షెఫీల్డు కార్మికుడు బెర్టు వార్డు అనునాతడు క్లేరియను అను సామ్యవాద పత్రికలో ప్రకటన వేసి 1900 సెప్టెంబరు 2వ తేదీ ఆదివారమునాడు నడకకు తోడు పిలిచెను. పదునొకండుగురు పురుషులు, ముగ్గురు స్త్రీలు వచ్చిరి. వారు ఈడేలు రైలు స్టేషనులో దిగి, కిండరు స్కౌటు అను పెద్ద కొండచుట్టు ఇరువది మైళ్లు నడచి మరల ఈడేలునకే చేరిరి. ఆ చుట్టులో ఒక భాగమైన కాలిదారి అంతకు మూడేండ్లకు ముందు, 1897లో, దారుల సంఘమువారి పూనికవలన తెఱవబడినది. కొండ నడినెత్తి మాత్రము వేటభూమి, మూత. నడినెత్తి మూసియుండుటచేత వారు చుట్టు తిరిగిరి. సోమవారము తెల్లవారునప్పటికి పనిలో నుండవలెను గనుక, బయలుదేరిన చోటికే వచ్చిరి. మా అమ్మాయి ప్రశ్నకు మాకు దొరకిన మొదటి జవాబు ఇదియే. ఉత్తర ఇంగ్లండులో నేటికిని జనులు ప్రీతితో నడచు ఒక్కదినపు చుట్టునడకలో కవిత్వ మెంత యున్నదో, సెలవు లేమియు అంతే యున్నది.

ఆ ముగ్గురు స్త్రీల పేర్లు మాకు దొరకలేదు గాని వారినిగూర్చి కొంత ఆలోచించితిమి. అదే కాలమున మన రాజమహేంద్రవరములో వితంతువునకు పెండ్లి చేసినందుకు వీరేశలింగముగారిని వెలివేసినవారు ఇంకను సజీవులుగా నుండిరి. గడప దాటరాని మన ఇల్లాండ్రకు పొద్దుగూకువఱకు ఆరుబయట నడచు అవకాశ మెచ్చట? తీర్థమందును, ప్రదక్షిణమందును మాత్రమే. సంతానము కోరి చొల్లంగి మొదలు అంతర్వేది వఱకు గోదావరి పాయల సంగమములందు స్నానము చేయుచు సప్తసాగరయాత్ర సాగించిన స్త్రీలు ఎందఱో! వారు కోరినది సంతానమే కావచ్చును. దారిలో దొరకిన గాలి, వెలుతురు, తోడి స్త్రీలతో మాటలు ఏ మ్రొక్కులోను లేని ఫలము. మా తల్లిగారు అన్నవరమున అంత ఉత్సాహముగా నడచుటకు కారణము పుణ్యము మాత్రమే కాదని మా అనుమానము. ఆమెతో ఈ మాట అనలేదు.

కిండరు కథ అచ్చటితో తీరలేదు. 1932 ఏప్రిల్ 24వ తేదీన బెన్నీ రాత్‌మన్ అను ఇరువదేండ్ల యువకుని నాయకత్వమున నాలుగైదు వందలమంది కార్మిక యువజనులు హేఫీల్డు గ్రామమునుండి బయలుదేరి, కావలివాండ్రతో పెనగులాడి, నిషిద్ధమైన ఆ బీటిమీదికి ఎక్కిరి. దిగివచ్చునప్పుడు పోలీసులు పట్టుకొనిరి. డర్బీ న్యాయస్థానమున అయిదుగురికి రెండు మొదలు ఆరు నెలల వఱకు శిక్షలు పడినవి. రాత్‌మనునకు నాలుగు నెలలు. కొండలపై జనులకు ప్రవేశము కోరుచు జేమ్సు బ్రైసు పార్లమెంటులో మొదటి బిల్లు పెట్టినది 1884లో. జాతీయవనముల చట్టము వచ్చినది 1949లో. ఆ కొండబీళ్లపై స్వేచ్ఛగా నడచు హక్కును నిజముగా ఇచ్చిన చట్టము 2000లో. బిల్లునకును హక్కునకును నడుమ 116 ఏండ్లు గడచినవి.

ఇరువది మైళ్లనగా ముప్పదిరెండు కిలోమీటర్లు. సింహాచల గిరిప్రదక్షిణమును అంతే. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు కొండదిగువ తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక మీదుగా సముద్రపుటొడ్డునకు పోయి, మాధవధార, గోపాలపట్నముల మీదుగా మరల కొండకు చేరుదురు. లక్షల జనము వత్తురు. కొలత కలియుట కేవలము కాకతాళీయము. కాని ఆ పోలిక మమ్మొక ప్రశ్న యడుగక విడువలేదు. కిండరు నడినెత్తి మూసియుండుటచే కొందఱు చుట్టు తిరిగిరి. మన కొండలను చుట్టినవారిలో ఎందఱకు నడినెత్తి మూసియుండెను?

మన ప్రదక్షిణములలో వరుసలు కలవు. గర్భాలయమును చుట్టునది లోపలిది. పిమ్మట ప్రాకారము, వీధి, చివరకు గిరి. లోపలి వలయమున నడచువారు కొద్దిమంది, వెలుపలికి వచ్చినకొలది ఎక్కువమంది. పూర్వ మీ సంఖ్యాభేదము చోటు చాలమివలన కలిగినది కాదు, కులమువలన కలిగినది. పంచములకు గోపురము దాటరాదు, గిరికి దోషము లేదు. కొండను చుట్టుట పరమ పుణ్యమని పురాణము చెప్పినప్పుడు, లోపలికి రానీయనివాని నోదార్చుటకు అది ఎంత అనుకూలించినదో పౌరాణికులు చెప్పరు. 1933 డిసెంబరులో గాంధీగారు హరిజన యాత్రలో ఆంధ్రదేశము తిరిగిరి. 1939లో మద్రాసు శాసనసభ ఆలయ ప్రవేశమునకు కొంత వెసులుబాటు చేసినది. 1947లో చేసిన చట్టముతో రాజధాని యందలి హిందూ దేవాలయములన్నియు హిందువు లందఱకును తెఱవబడినవి. చట్టము తెఱచిన తలుపును ఊరు మూయగలదని మేము చూచియున్నాము. అయినను ఆ సంవత్సరమునుండి గిరిప్రదక్షిణము చేయువాడు ఇష్టపడి చుట్టుచున్నాడు గాని, వేఱు గతి లేక కాదు. ఈ భేదము చిన్నది కాదు.

మన సీమకు ఉత్తరమున రంప కొండలు కలవు. అచ్చటి కథ వేరు. కొండరెడ్లు, కోయలు మొదలగువారికి కొండ యనగా చుట్టివచ్చు చోటు కాదు, బ్రతుకు. 1882 మద్రాసు అడవుల చట్టముతో రిజర్వు గీతలు పడినవి. పోడు కొట్టరాదు, కలప తీయరాదు, పశువులను తోలరాదు. ఇంగ్లండులో పక్షికై మూసిన కొండను ఇచ్చట కలపకై మూసిరి. అంతటితో ఆగక, నర్సీపట్నమునుండి చింతపల్లికి రోడ్డు వేయుటకు గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను ఆ కొండవారిచేతనే అతి స్వల్పపు కూలికి బలవంతముగా పనిచేయించెను. తమ కాలిబాటలను మూసినవారికి బండిబాట వేసియిచ్చుట కంటె అవమాన మేమున్నది? అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై పడుటకు వెనుకనున్న కారణములలో ఆ రోడ్డు ఒకటి. బెన్నీ రాత్‌మనునకు నాలుగు నెలల శిక్ష పడినది. సీతారామరాజును 1924 మే 7న కాల్చిచంపిరి. రెండును కొండమీది హక్కునకై జరిగిన తిరుగుబాటులే యైనను, ఆదివారపు సెలవును అన్నపు ముద్దను ఒక్క త్రాసున తూచుట న్యాయము కాదు. అడవి హక్కుల చట్టము మనకు 2006లో వచ్చినది.

ఇంతలో మఱియొక మార్పు వచ్చినది. పోలవరము ఆనకట్టకు ఎగువన దేవీపట్నము మండలములోని పల్లెలు ఖాళీ యైనవి. జనులను పునరావాస కాలనీలలో నుంచిరి. మన డెల్టాకు నీరు స్థిరముగా వచ్చునని మన మందఱము ఎదురుచూచుచున్న ప్రాజెక్టే అది, మేమును అందులోనివారమే. ధవళేశ్వరపు గుట్టలు కరగినప్పుడు కొండకు నోరు లేదు. ఇప్పుడు ఖాళీయైనవి ఇండ్లు. ఆ పల్లెలకు పొలిమేర లుండెను, పొలిమేరలకు దేవత లుండిరి. కాలనీలో ఇంటినంబరు కలదు. పొలి ఎచ్చట చల్లవలెను?

ఇవన్నియు చదివిన పిమ్మట మాకు ఊరకుండుట సాధ్యము కాలేదు. సంక్రాంతి సెలవుల తరువాత ఒక ఆదివారమునాడు మా బడి పిల్లలను ఇరువదిముగ్గురను వెంటబెట్టుకొని, గ్రామ సర్వే పటము చేతబట్టి, మా ఊరి ఎల్ల చుట్టిరావలెనని బయలుదేరితిమి. ఊరి పేరు చెప్పము. డెల్టాలో ఏ ఊరైనను అట్లే యుండును. పిల్లలలో పదునొకండుగురు బాలికలు. పులిహోర పొట్లములు, నీళ్ల సీసాలు తెచ్చుకొనిరి. శాసనకారుని మర్యాద ననుసరించి తూర్పున కాలువ గట్టువద్ద మొదలుపెట్టితిమి. ఆగ్నేయము వఱకు నడక సుఖముగా సాగినది. మూడు సర్వే రాళ్లు కనబడినవి. ఒకదానిని ఎవరో ఇంటిముందు బట్టలుతుకుటకు తెచ్చి వేసికొనిరి. దానిని కనుగొన్న పిల్లవాని ఆనందము చూడవలసినదే.

దక్షిణమున పుంత ఉండవలెను. పటములో రెండు గీతలుగా స్పష్టముగా నున్నది. పుంత యనగా పొలములకు, శ్మశానమునకు, పొరుగూరికి పోవు ఉమ్మడి బండిదారి. దానికి పట్టా లేదు, దాని నెవరును కొనలేదు, అమ్మలేదు. అక్కడికి పోయి చూడగా ఇనుప తీగల కంచె, లోపల రొయ్యల చెఱువులు, కాపలా కుక్క. కావలివాడు మంచివాడే. "లోపలికి రానివ్వొద్దన్నారండి మాస్టారూ, మందులు చల్లారు" అని చేతులు కట్టుకొని చెప్పెను. కిండరు కావలివాండ్ర కథ నిన్ననే తరగతిలో విన్న పిల్లలు మా ముఖము వంక చూచిరి. పెనగులాటకు మే మొప్పుకొనలేదు. ఇరువదిముగ్గురు తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసినవారము మేమే గదా.

అప్పుడు గట్టున గేదెలు కాయుచున్న ఒక ముసలాయన దగ్గఱకు వచ్చి, ఏమి వెదకుచున్నారని యడిగెను. చెప్పితిమి. ఆయన తాత మా ఊరికి వెట్టి చేసినవాడట.

"పుంతాండీ? రెండు బళ్లు ఒరుసుకోకుండా పోయేవండీ దీంట్లో. మా వాళ్లని మోసుకెళ్లింది కూడా ఇటేనండి."

"మరి ఎల్లరాయి ఎక్కడుండేది, తాతా?" అని మా అమ్మాయి యడిగినది.

ఆయన కఱ్ఱ ఎత్తి నీటి నడుమ నురుగు చిమ్ముచు తిరుగుచున్న ఏరేటరును చూపెను. "అది తిరుగుతోంది చూడండమ్మా, దాని కిందండి."

పిల్లలు నోటుపుస్తకములలో ఆ చోటు గుర్తు వేసికొనిరి. నైరృతికి దారి లేకపోవుటచే రోడ్డుమీదికి వచ్చి, లారీల ప్రక్కగా నడచి ఊరు చేరితిమి. మఱునాడు పుంతనుగూర్చి అర్జీ వ్రాసి సంబంధించిన కార్యాలయమున నిచ్చితిమి. రసీదు ఇచ్చిరి. పరిశీలింతుమనిరి. ఆ ముసలాయన మాత్రము అప్పుడప్పుడు సాయంకాలము మా వీధి అరుగు దగ్గఱకు వచ్చి, తక్కిన రాళ్లు ఎక్కడెక్కడ నుండెడివో చెప్పుచున్నాడు. ఇప్పటికి తొమ్మిది చెప్పినాడు. మా అమ్మాయి వానిని తూర్పునుండి వరుసగా వ్రాసికొనుచున్నది.